పడవ పనికి చేతి పనిముట్లు: ఏవి కొనాలి, ఏవి చేసుకోవాలి (తరచుగా అడిగే ప్రశ్నలు)

2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక తడ, సూళ్లూరుపేట, వాకాడు వైపు మండలాలు తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. వాటితో పాటు పులికాట్ సరస్సు, సముద్రపు ఒడ్డు, వందల పడవలు కూడా వచ్చాయి. పడవ ఉన్నవాళ్ళు పనిముట్ల గురించి అడిగే సందేహాలు మాత్రం ఏటా అవే. ఉత్తరం వైపు సరస్సు ఎండి పడవలు నేల పట్టినప్పుడు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట ఆగినప్పుడు ఈ ప్రశ్నలు మళ్ళీ మొదలవుతాయి. అందుకే అన్నీ ఒకచోట రాశాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

నేను అందరికీ చెప్పే మాట ఒకటే. కోసే పనిముట్టు, బోల్టు తిప్పే పనిముట్టు మంచివి కొనండి. గోకేవి, తట్టేవి, బిగించి పట్టేవి, కొలిచేవి చేతికి దొరికినవాటితో చేసుకోండి. ఏ పనిముట్టైనా సరే, అది విరిగితే మన ఒంటికి దెబ్బ తగులుతుందా, నడినీళ్ళలో పడవ ఆగిపోతుందా అని ఆలోచించండి. అవునంటే అక్కడ సర్దుబాటు వద్దు.

## కొనే ముందు

పడవ కొత్తగా కొన్నాను. ముందు ఏయే పనిముట్లు తెచ్చుకోవాలి?

చెక్క పడవైతే అంగుళం ఉలి, అర అంగుళం ఉలి, చేతి రంపం, చిన్న చిత్రిక, మూలమట్టం, అరకిలో సుత్తి. ఫైబర్ పడవైతే హ్యాక్సా, ఒక పక్క చదునుగా ఒక పక్క గుండ్రంగా ఉండే ఆకురాయి, సన్నదీ వెడల్పుదీ రెండు పుట్టీ బ్లేడ్లు. ఇంజను ఉంటే 8 నుంచి 19 మి.మీ. దాకా రింగు పానాలు, ప్లగ్ పానా, మంచి స్క్రూడ్రైవర్లు రెండు, ఒక కటింగ్ ప్లాస్. ఇంతకు మించి మొదటి ఏడాది కొనొద్దు. రెండుసార్లు ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్న పనిముట్టును మూడోసారి అవసరం వచ్చేలోపు కొనుక్కోండి. మీ పడవకు అసలు అవసరమైనవి ఏవో ఆ పద్ధతిలోనే తెలుస్తాయి.

చవక పానా సెట్టు తీసుకుంటే ఏమవుతుంది? ఎలాగూ ఉప్పునీళ్ళకు తుప్పు పట్టేదే కదా?

పానాకు తుప్పు పడితే తుడుచుకోవచ్చు. చవక పానాతో వచ్చే అసలు నష్టం వేరు. దాని ఇనుము మెత్తన, నోరు కొలతకు సరిగ్గా ఉండదు. గట్టిగా లాగగానే నోరు విచ్చుకుని బోల్టు తల మూలలు అరిగిపోతాయి. పానా ధర కంటే ఆ బోల్టు తీయించే ఖర్చే ఎక్కువ.

దుకాణానికి వెళ్ళేటప్పుడు కొత్త బోల్టు ఒకటి జేబులో వేసుకెళ్ళండి. పానాను దానికి తొడిగి అటూ ఇటూ ఆడించండి. కొంచెం కదలిక ఉంటుంది కానీ లొడలొడలాడకూడదు. రింగు లోపల పన్నెండు మూలలు ఉన్నదాని కంటే ఆరు మూలలు ఉన్నదే పడవకు మంచిది. తుప్పు పట్టిన బోల్టు తలను ఆరు మూలల రింగు గట్టిగా పట్టుకుంటుంది. డబ్బు తక్కువైతే పెద్ద సెట్టు మానేసి మీ ఇంజనుకు పట్టే నాలుగైదు కొలతలే మంచి రకంలో తీసుకోండి.

స్టెయిన్‌లెస్ స్టీలు పనిముట్లు కొనాలా?

పుట్టీ బ్లేడు, కత్తి వరకు మంచిదే. పానాలకు, ఉలులకు అవసరం లేదు. మామూలు స్టీలు ఉలి పదును బాగా నిలుస్తుంది, పని అయ్యాక తుడిచి నూనె రాస్తే చాలు.

తిరుపతిలో పడవ సామాను దుకాణాలు కనబడవు. ఎక్కడ కొనాలి?

చేతి పనిముట్లకు పడవ దుకాణమే అక్కర్లేదు. వడ్రంగి సామాను, పానాలు తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేట, సూళ్లూరుపేటల్లో హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి. పడవకే ప్రత్యేకమైన రెసిన్ (ఫైబర్ అతుకులకు వాడే, గట్టిపడే జిగురు), మ్యాట్ (రెసిన్‌తో తడిపి అతికే గాజు పోగుల పట్ట), ఇంజను పిన్నులు, ఉప్పునీటికి తట్టుకునే గ్రీజు లాంటివాటికి తడ వైపు వాళ్ళు చెన్నై వెళ్తారు. అక్కడ కాశిమేడు రేవు చుట్టుపక్కల అడిగితే దొరుకుతాయి.

ఉలి కొనాలనుకునేవాళ్ళు ఏర్పేడు మండలం మాధవమాల వెళ్ళి, చెక్క బొమ్మలు చెక్కేవాళ్ళ పనిముట్లు ఒకసారి చూసి రండి. ఉలి అంచు ఎంత శుభ్రంగా ఉండాలో, పిడి అరచేతిలో ఎలా కూర్చోవాలో అక్కడ పది నిమిషాలు నిలబడితే తెలుస్తుంది. తర్వాత ఏ దుకాణంలోనూ నాసిరకం ఉలి మీ కన్ను దాటిపోదు.

పాత ఇనుప సామాను కొట్లో దొరికే పనిముట్లు తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, కొన్ని కొత్తవాటి కంటే మేలు. పైన తుప్పు ఉన్నా పర్వాలేదు, లోతుగా గుంటలు పడితే వద్దు. ఉలి వెనక వైపు చదునుగా ఉండాలి. సుత్తి ముఖం అంచులు పెచ్చులు లేచి ఉంటే ఎంత చవకైనా వదిలేయండి. కొట్టినప్పుడు ఆ పెచ్చు కంట్లోకి ఎగురుతుంది.

పనిముట్లకు పిడి ఏ చెక్కతో వేయించాలి? ఎర్రచందనం ముక్క ఇస్తామంటున్నారు.

తుమ్మ చెక్కతో వేయించండి. గట్టిగా ఉంటుంది, దెబ్బకు తట్టుకుంటుంది, మన దగ్గర సులువుగా దొరుకుతుంది. ముక్క ఎంచుకునేటప్పుడు చెక్క నార పిడి పొడవునా నిటారుగా పోయిందా అని చూడండి. నార అడ్డంగా పోతే ఆ పిడి ఏదో ఒక రోజు సగానికి విరుగుతుంది. చెక్క సుత్తికి చింత మొద్దు మంచిది.

ఎర్రచందనం శేషాచలం అడవుల చెట్టు. అనుమతి లేకుండా దాన్ని నరకడం, తరలించడం నేరం. పిడి సైజు ముక్కే కదా అనుకుని తీసుకోవద్దు. చేతిలో పనిముట్టు ఉండాలి గానీ మెడకు కేసు ఎందుకు?

## ఒడ్డుకు లాగాక

జాకీ లేదు. పడవను ఎత్తి కింద దుంగలు పెట్టేదెలా?

పొడవాటి సరుగుడు దుంగ, దాని కింద ఆనుకు ఒక మొద్దు ఉంటే చాలు. మొద్దు పడవకు ఎంత దగ్గరగా ఉంటే అంత తేలిగ్గా లేస్తుంది. గడ్డపారను నేరుగా పడవ అడుగున పెట్టి లేపకండి. దాని మొన చెక్కలో దిగుతుంది, ఫైబర్‌ అయితే పగులుతుంది. మధ్యలో పలక ముక్క, దాని మీద పాత టైరు ముక్క వేయండి. ఒక్కో ఎత్తుకు కింద దిమ్మ సర్దుతూ పోవాలి. దిమ్మ సర్దేవాళ్ళు పక్కనుంచి కర్రతో తోయాలి. పడవ కింద చెయ్యి గానీ తల గానీ పెట్టకూడదు. లారీ జాకీ దొరికితే తడి ఇసుకలో నేరుగా పెట్టొద్దు, కింద వెడల్పు పలక వేయండి.

చెక్క లోపల పుచ్చిపోయిందో లేదో దేనితో చూడాలి?

సన్నటి స్క్రూడ్రైవర్, చిన్న సుత్తి చాలు. ముందు సుత్తితో మెల్లగా తట్టుకుంటూ వెళ్ళండి. మంచి చెక్క ఖణేల్‌మంటుంది, పుచ్చినచోట చప్పుడు మొద్దుబారుతుంది. అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవర్ మొన గుచ్చి కొద్దిగా పైకి లేపండి. మంచి చెక్క పొడవాటి పేళ్ళుగా లేస్తుంది. పుచ్చిన చెక్క చప్పుడు లేకుండా పొట్టిగా విరిగి పొడి రాలుతుంది. మొన సులువుగా లోపలికి దిగిపోతే ఆ పలక మార్చాల్సిందే.

ఎక్కువగా పుచ్చేది వాననీళ్ళు నిలిచే చోట: లోపలి బద్దెల అడుగున, చుక్కాని దగ్గర మూలల్లో, మేకుల చుట్టూ. పడవ పక్కలన్నీ గంటసేపు తట్టే బదులు ఈ చోట్ల ముందు చూడండి.

ఫైబర్ పడవలో పొర విడిపోయిందని ఎలా తెలుస్తుంది?

ఐదు రూపాయల నాణెం చాలు. అంచుతో టక్ టక్ అని తడుతూ పోండి. గట్టి చప్పుడు ఉన్నట్టుండి బోలుగా మారినచోట సుద్దముక్కతో గీత గీయండి. నాలుగు వైపుల నుంచీ అలా గీస్తే విడిపోయిన చోటు మొత్తం సుద్దగీతల మధ్య కనిపిస్తుంది. ఎండకు కాగి ఉన్నప్పుడు కాకుండా పొద్దున్నే చూడండి. ఆ వేళ చుట్టూ సద్దు తక్కువ, చెవికి తేడా బాగా తెలుస్తుంది.

అడుగున పట్టిన గుల్లలు గోకడానికి ఏం వాడాలి?

ఇంకా తడిగా ఉండగానే గోకండి. ఎండిపోతే రాయిలా పట్టుకుంటాయి. చెక్క పడవకు పాత చిత్రిక బ్లేడుకు పిడి వేసుకోవచ్చు, లేదా విరిగిన కట్టర్ రంపం ముక్కను రెండు చెక్క పేళ్ళ మధ్య బిగించి వాడొచ్చు. ఫైబర్‌కు ఇనుప బ్లేడు వద్దు, పై పూత గీసుకుపోతుంది. దానికి గట్టి ప్లాస్టిక్ ముక్క గానీ, అంచు ఏటవాలుగా చెక్కిన వెదురు బద్ద గానీ వాడండి. వెదురు అంచు అరిగితే కత్తితో మళ్ళీ రెండు చెక్కులు తీస్తే సరి. ఆ తర్వాత ఇసుక, నీళ్ళు, కొబ్బరి పీచు. గుల్ల అంచులు బ్లేడులా కోస్తాయి, చేతికి గట్టి గ్లౌజు తప్పదు.

పడవ కారుతోంది కానీ ఎక్కడో తెలియడం లేదు.

పడవ నీళ్ళలో ఉంటే సన్నటి రంపపు పొట్టు గుడ్డలో పోసి, బయట నుంచి అనుమానం ఉన్న సందు కింద నీళ్ళలో వదలండి. లోపలికి నీళ్ళు పీల్చే చోట పొట్టు కూడా పోతుంది. చిన్న కారుడైతే ఆ పొట్టుకే కొన్ని గంటలు ఆగుతుంది, కానీ అది మరమ్మతు కాదు. పడవ ఒడ్డున ఉంటే లోపల కొద్దిగా నీళ్ళు పోసి బయట ఎక్కడ చెమరుస్తుందో చూడండి. నాలుగైదు అంగుళాల ఎత్తు మించి పోయకండి. కింద సరైన ఆనులు లేనప్పుడు ఆ బరువుకు పడవ అడుగే కుంగుతుంది.

## చెక్క పడవ పని

నీళ్ళు కారకుండా పలకల సందుల్లో నార కొట్టే ఉలి మా దగ్గర లేదు. మామూలు ఉలితో కొట్టొచ్చా?

కొట్టొద్దు. మామూలు ఉలి అంచు నారను, దూదిని తెంపేస్తుంది. పైకి సందు నిండినట్టు కనిపిస్తుంది, లోపల ముక్కలు ముక్కలుగా ఉంటుంది.

ఈ పనిముట్టు మాత్రం సులువుగా చేయించుకోవచ్చు. లారీ షెడ్డులో విరిగిన కమాను పట్టీ ముక్క అడగండి. కమ్మరి దగ్గర దాన్ని జానెడు పొడవుకు కోయించి, ఒక కొన విసనకర్రలా రెండు అంగుళాలు విప్పించండి. అంచు మందం ఒక సూతు (అంగుళంలో ఎనిమిదో వంతు) ఉండాలి. సన్నటి సందులకు అర సూతు అంచుతో ఇంకొకటి చేయించండి. అంచుకు పదును పెట్టకూడదు, ఆకురాయితో గుండ్రంగా రుద్దాలి. ఎర్రగా కాల్చి నూనెలో ముంచి గట్టి పరిచే పని దీనికి అక్కర్లేదు. కాల్చి సాగదీశాక బూడిదలో దానంతట అది చల్లారనివ్వండి. మెత్తగా ఉంటే సుత్తి దెబ్బకు చిట్లదు.

దూదిని దీపపు ఒత్తిలా పురిపెట్టి, సందు కంటే కొంచెం లావుగా తీసుకుని, చిన్న మడతలు వేస్తూ లోపలికి తట్టండి. ఇనుప సుత్తి కంటే చింత మొద్దుతో చేసిన చెక్క సుత్తి మేలు. పలక గట్టిపడేకొద్దీ దాని చప్పుడు మారుతుంది, ఎక్కడ ఆపాలో చెవికే తెలుస్తుంది. చేతికి అలుపు కూడా తక్కువ.

వేసవిలో పలకల మధ్య సందులు బాగా విచ్చుకున్నాయి. నార ఎంత బిగించి కొట్టాలి?

ఈ తప్పు చాలామంది పెద్ద పనివాళ్ళ దగ్గర కూడా చూస్తుంటాను, అందుకే కొంచెం గట్టిగా చెబుతున్నాను. ఎండిన పలక కుదించుకుపోయి ఉంటుంది. నీళ్ళలో దించాక మళ్ళీ ఉబ్బుతుంది. ఎండినప్పుడే సందు నిండా రాయిలా బిగించి కొడితే, ఉబ్బిన పలకకు పోవడానికి చోటు ఉండదు. మేకులు పీక్కుని వస్తాయి, బద్దెలు చిట్లుతాయి. నార కొట్టడానికి మూడు నాలుగు రోజుల ముందు తడి గోనె సంచులు కప్పి, పొద్దునా సాయంత్రం నీళ్ళు చల్లండి. సందులు కొంచెం మూసుకున్నాక, పైన మందు పట్టే చోటు మాత్రమే తడి ఆరనిచ్చి, సందులో మూడింట రెండు వంతులు నారతో నింపండి. మిగతా భాగం పైన వేసే మందుకు.

పైన పూసే మందు ఏది? పాత పద్ధతి పనికొస్తుందా?

గుగ్గిలాన్ని నూనెలో కరిగించి పూసే పాత పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. కట్టెల మంట మీద కాకుండా నిప్పుల మీద, మందపాటి పాత్రలో, సగానికి మించకుండా పోసి కరిగించండి. పొంగితే అంటుకుంటుంది, పక్కన ఇసుక బకెట్టు పెట్టుకోండి. చెక్కకు జీడి నూనె (జీడిపిక్క పెంకు నుంచి తీసేది) పూసేవాళ్ళు చేతులకు మామూలు నూనె రాసుకుని, ఆపైన గ్లౌజులు వేసుకోవాలి. జీడి ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది.

పలకను వంచి పట్టడానికి క్లాంపులు లేవు.

తాడు, కర్ర చాలు. పడవ చుట్టూ తాడు రెండు చుట్లు వేసి ముడేసి, మధ్యలో కర్ర దూర్చి మెలిపెట్టండి. ఒక్కో మెలికకూ బిగువు పెరుగుతుంది. కర్ర వదిలితే గిర్రున తిరిగి ముఖానికి తగులుతుంది, బిగించగానే పక్కన కట్టేయండి. చిన్న పనులకు బండి ట్యూబును రెండు వేళ్ళ వెడల్పున పట్టీలుగా కోసి, సాగదీసి చుట్టండి. వంపు తిరిగిన చోట ఇనుప క్లాంపు జారిపోతుంది కానీ ట్యూబు పట్టీ జారదు.

మేకు తల ఊడిపోయి చెక్కలో ఉండిపోయింది. పీకడం ఎలా?

దాని చుట్టూ ఉలితో గొయ్యి తవ్వకండి. మేకు కంటే కొంచెం వెడల్పు ఉన్న ఇనుప గొట్టం ముక్క తీసుకుని, ఒక కొనకు ఆకురాయితో రంపం పళ్ళలా కోయండి. దాన్ని బరమాకో, చేతి డ్రిల్లుకో బిగించి మేకు చుట్టూ తిప్పితే మేకుతో పాటు చెక్క గుల్లగా ఊడి వస్తుంది. శుభ్రమైన గుండ్రటి రంధ్రం మిగులుతుంది. దానికి సరిపోయే చెక్క బిరడా కొట్టి, పక్కన కొత్త మేకు వేయండి. గొట్టం జారకుండా, రంధ్రం చేసిన పలక ముక్కను ముందు పైన అదిమిపెట్టుకోవాలి.

ఉలికి ఇంట్లోనే పదును పెట్టుకోవచ్చా? సానరాయి అరిగి గుంట పడింది.

గుంట పడిన రాయి మీద పదును రాదు. అద్దాల కొట్లో మందపాటి గాజు ముక్క అడిగి తెచ్చుకోండి. దాని మీద నీళ్ళు చిలకరించి 220, 400, 1000 నంబర్ల వాటర్ పేపరు వరసగా పరవండి. ముందు ఉలి వెనక వైపు చదునుగా రుద్దాలి, చాలామంది వదిలేసేది ఇదే. తర్వాత ఏటవాలు వైపు, 25 నుంచి 30 డిగ్రీల వాలు మారకుండా. అంచు మీద వేలితో తాకితే వెనక వైపు సన్నగా గరుకు తగలాలి. అది తగిలాక పేపరు మార్చండి. చివర బొటనవేలి గోరు మీద ఆనిస్తే జారకుండా పట్టుకోవాలి.

పాత ఆకురాయిని ఉలిగా మార్చుకోవచ్చా?

అలాగే రుద్ది వాడితే ప్రమాదం. ఆకురాయి చాలా గట్టిది, పెళుసుది, సుత్తి దెబ్బకు గాజులా పగిలి ముక్కలు ఎగురుతాయి. దాన్ని సన్నపు కమ్మీగా వాడి ఏదైనా పైకి లేపడం కూడా అంతే ప్రమాదం. కొట్టే పనిముట్టుకు కమాను పట్టీయే మంచిది.

## ఫైబర్ పడవ పని

రేవులో కరెంటు లేదు. గ్రైండర్ లేకుండా దెబ్బ తిన్న చోటు రుద్దగలమా?

రుద్దగలం. టైము పడుతుంది, కానీ అవసరానికి మించి తినేసే భయం లేదు. పగిలిన చోట వదులుగా ఉన్న పోగులు హ్యాక్సా బ్లేడుతో కోసేయండి. ఆపైన 40 నంబరు గరుకు కాగితంతో అంచులు ఏటవాలు చేయండి. ఫైబర్ మందం ఎంతో దానికి పన్నెండు రెట్ల వెడల్పు దాకా ఏటవాలు ఉండాలి. అర సెంటీమీటరు మందమైతే చుట్టూ ఆరు సెంటీమీటర్లు. ఇది తగ్గిస్తే మీరు వేసిన మ్యాట్ పై అతుకుగా మిగిలి ఓ రోజు పెచ్చులా ఊడుతుంది.

కాగితం చుట్టడానికి చెక్క దిమ్మ కంటే పాత హవాయి చెప్పు అడుగు బాగుంటుంది. పడవ వంపుకు తగ్గట్టు వంగుతుంది. ముక్కుకు ఎన్95 మాస్కు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. దురద పుడితే ముందు చన్నీళ్ళతో కడగండి, గట్టిగా రుద్దకండి.

గాలిబుడగలు నొక్కే రోలరు దొరకలేదు. బ్రష్‌తో సరిపెట్టుకోవచ్చా?

బ్రష్‌తో రెసిన్ తడుస్తుంది కానీ గాలి పోదు. రోలరు మీరే చేసుకోండి. పొడవు బోల్టు ఒకటి, దానికి సరిపడే వాషర్లు పెద్దవి ఒకటి, చిన్నవి ఒకటి చొప్పున మార్చి మార్చి గుచ్చండి. వాషర్లు తిరిగేలా చివర నట్టు కొంచెం వదులుగా పెట్టి, దాని మీద రెండో నట్టు బిగించి ఊడకుండా చేయండి. బోల్టు రెండు కొనలకూ మందపాటి తీగ వంచి పిడి కట్టండి. ఇంత పని వద్దనుకుంటే పూర్తి మరలున్న కడ్డీ ముక్కను పిడికి బిగించి దొర్లించినా చాలా వరకు గాలి పోతుంది. మధ్యలోంచి అంచులకు నొక్కుకుంటూ రండి. పని అవగానే, రెసిన్ గట్టిపడక ముందే అసిటోన్‌లో ముంచండి.

రెసిన్‌ను గట్టిపరిచే హార్డెనర్ ఎంత కలపాలి? కొలిచే గిన్నెలు లేవు.

డబ్బా మీద ఏం రాస్తే అంత. పాలియెస్టర్ రెసిన్‌కు సాధారణంగా కిలోకు 10 నుంచి 20 గ్రాముల మధ్య ఉంటుంది. మన మే నెల ఎండలకు తక్కువ వైపే ఉండాలి, లేకపోతే గిన్నెలోనే గడ్డకట్టి పొగలు కక్కుతుంది. కొలతకు మెడికల్ షాపులో 10 ఎంఎల్ సిరంజీ తీసుకోండి, సూది అక్కర్లేదు. రెసిన్‌ను వంటింటి ఎలక్ట్రానిక్ త్రాసు మీద తూచండి. ఒకేసారి అరకిలోకు మించి కలపొద్దు, పొద్దున ఎనిమిదిలోపు పని మొదలుపెట్టండి.

రెసిన్ త్వరగా గట్టిపడేందుకు వేసే, ఊదా రంగులో ఉండే కోబాల్టు మందును హార్డెనర్‌తో నేరుగా ఎప్పుడూ కలపకండి, మంటతో పేలుతుంది. ముందు కోబాల్టును రెసిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే హార్డెనర్ వేయాలి. కొన్ని రెసిన్‌లలో కోబాల్టు ముందే కలిపి ఉంటుంది, కొనేటప్పుడు అడగండి. రెండిటికీ ఒకే సిరంజీ వాడొద్దు. హార్డెనర్ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు, అందుకని కళ్ళద్దాలు పెట్టుకునే డబ్బా మూత తీయండి. పడితే వెంటనే పదిహేను నిమిషాలకు తగ్గకుండా నీళ్ళతో కడుగుతూ ఆసుపత్రికి వెళ్ళాలి.

తుప్పు మరకలు పోవడానికి వైర్ బ్రష్‌తో రుద్దుతున్నాం, మళ్ళీ వస్తున్నాయి. ఎందుకు?

బ్రష్ నుంచి రాలిన ఇనుప తునకలు పై పూతలో గుచ్చుకుని అవే తుప్పు పడుతున్నాయి. ఫైబర్ మీద, స్టెయిన్‌లెస్ మీద నైలాన్ బ్రష్ వాడండి.

## ఇంజను దగ్గర

బోల్టు ఎంత లాగినా కదలడం లేదు. పానాకు గొట్టం తొడిగి లాగనా?

గొట్టం చివరి మాట, మొదటిది కాదు. ఉప్పునీళ్ళలో అల్యూమినియం ఇంజనులో ఉన్న స్టెయిన్‌లెస్ బోల్టు మామూలు తుప్పు కంటే గట్టిగా పట్టేస్తుంది. బలం పెడితే బోల్టు తల తెగి చేతికొస్తుంది, అప్పుడు పని పదింతలవుతుంది.

డీజిల్లో కొంచెం ఇంజన్ ఆయిల్ కలిపి బోల్టు చుట్టూ పోసి రాత్రంతా వదిలేయండి. పొద్దున తల మీద చిన్న సుత్తితో నిటారుగా నాలుగు దెబ్బలు వేయండి. అప్పటికీ కదలకపోతే బోల్టు చుట్టూ గుడ్డ చుట్టి మరిగే నీళ్ళు పోయండి. అల్యూమినియం బోల్టు కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు సడలుతుంది. నూనె, పెట్రోలు ఉన్న చోట మంట పెట్టకండి. ఇప్పుడు పానా వేసి విప్పే వైపు కాకుండా ముందు బిగించే వైపు కొద్దిగా తిప్పండి. చిన్న 'టిక్' చప్పుడు వస్తే పట్టు వదిలినట్టే. అటూ ఇటూ కొంచెం కొంచెంగా ఆడిస్తూ తీయండి. తిరిగి బిగించేటప్పుడు మరలకు ఉప్పునీటి గ్రీజు రాస్తే వచ్చే ఏడాది ఈ తిప్పలు ఉండవు.

బైకు ప్లగ్ పానా పడవ ఇంజనుకు వాడొచ్చా?

కొలత సరిపోతే నిక్షేపంగా వాడొచ్చు. ప్లగ్ ఆరు మూలల కొలత చూసుకుని, లోపల రబ్బరు ఉన్న పానా తీసుకోండి. బిగించేటప్పుడు ముందు చేత్తో తిప్పి మరలు సరిగ్గా కూర్చున్నాకే పానా వేయండి.

ప్రొపెల్లర్ పిన్ తెగింది. మేకు కోసి పెడితే సరిపోతుందా?

పెట్టకండి. ఆ పిన్ తెగడానికే ఉంది. పులికాట్ లోతు తక్కువ, ప్రొపెల్లర్ బురదకో రాయికో తగులుతుంది. అప్పుడు పిన్ తెగి గేర్లను కాపాడుతుంది. గట్టి మేకు పెడితే అది తెగదు, గేరు పళ్ళు పోతాయి. మెత్తటి మేకు పెడితే తేలికపాటి తాకిడికే తెగి నడినీళ్ళలో నిలబెడుతుంది. మీ ఇంజనుకు సరైన పిన్నులు మూడు, స్ప్లిట్ పిన్నులు మూడు చిన్న డబ్బాలో గ్రీజుతో పాటు పడవలోనే పెట్టుకోండి. ఖరీదు ఏమంత కాదు.

స్క్రూ తల అరిగిపోయింది. స్క్రూడ్రైవర్ జారుతోంది.

స్క్రూడ్రైవర్‌కూ స్క్రూకూ మధ్య బండి ట్యూబు ముక్క పెట్టి గట్టిగా అదిమి తిప్పండి. అప్పటికీ కాకపోతే తల మీద హ్యాక్సాతో కొత్త గాడి కోసి చదును స్క్రూడ్రైవర్‌తో తిప్పండి.

## నీళ్ళ మీద ఉన్నప్పుడు

రోజూ వెళ్ళేటప్పుడు పడవలో ఏమేం ఉండాలి?

ప్లగ్ పానా, స్పేర్ ప్లగ్, ప్రొపెల్లర్ పిన్నులు, ప్లాస్, కత్తి, చదును స్క్రూడ్రైవర్, ట్యూబు పట్టీలు, గ్రీజు, పాత లుంగీ గుడ్డ, రెండు మూడు సైజుల మెత్తటి చెక్క బిరడాలు. నీళ్ళు తోడడానికి ఐదు లీటర్ల ఆయిల్ డబ్బాను పిడి ఉంచి ఏటవాలుగా కోస్తే, కొన్న మగ్గు కంటే బాగా పనిచేస్తుంది. మెత్తటి అంచు పడవ మూలల్లోకి వంగి వెళ్తుంది. ఇంజను ఉన్నా గెడకర్ర, తెడ్డు పడవలోనే ఉండాలి.

నడినీళ్ళలో పడవకు చిల్లు పడితే?

మనుషులను, బరువును చిల్లుకు ఎదురు పక్కకు జరపండి, చిల్లు నీళ్ళకు పైకి రావచ్చు. చిన్నదైతే గ్రీజు రాసిన గుడ్డ చుట్టిన బిరడా కొట్టండి. పొడవాటి పగులైతే గుడ్డ మడత పెట్టి, పైన పలక ముక్క ఆనించి, తెడ్డుతో తన్నిపట్టండి. ఎం-సీల్ లాంటి ముద్ద తడిమీద సరిగా అతకదు, గట్టిపడేలోపు ఊడుతుంది, నీళ్ళ మీద దాన్ని నమ్ముకోవద్దు. లైఫ్ జాకెట్లు వేసుకుని దగ్గరి ఒడ్డుకు పోండి, వచ్చిన పని తర్వాత చూసుకోవచ్చు.

## పని అయ్యాక

పనిముట్లకు తుప్పు పట్టకుండా ఏం రాయాలి?

ముందు మంచినీళ్ళతో కడగాలి. ఉప్పు ఉండగా నూనె రాస్తే నూనె కిందే తుప్పు పడుతుంది. ఎండలో ఆరబెట్టి పలచగా ఇంజన్ ఆయిల్ రాయండి. వేరుశెనగ నూనె వద్దు, కొన్నాళ్ళకు జిగటగా మారి దుమ్ము పట్టుకుంటుంది. మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ బకెట్టులో, గుడ్డలో చుట్టి, ఇంటి దగ్గర పెట్టుకోండి. పడవలో వదిలేస్తే ఎంత నూనె రాసినా ఉపయోగం లేదు.

సుత్తి పిడి వదులైంది. నీళ్ళలో నానబెడితే బిగుస్తుందంటున్నారు.

ఆ పూటకు బిగుస్తుంది. ఆరాక ముందుకంటే వదులవుతుంది, ఎందుకంటే ఉబ్బినప్పుడు చెక్క నార ఇనుముకు ఒత్తుకుని నలిగిపోతుంది. పాత చీలిక తీసి, బాగా ఆరిన తుమ్మతో కొంచెం మందపాటి చీలిక కొట్టండి. తల ఎగిరిపోయే సుత్తిని మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి.

పనిముట్లు నీళ్ళలో పడిపోతుంటాయి. ఏం చేయాలి?

పడవలో వాడే ప్రతి పనిముట్టు పిడికి కన్నం వేసి, మూర పొడవు నైలాన్ తాడు కట్టండి. రెండో కొనకు పాత వల నుంచి ఊడిన బెండు కట్టండి. కత్తి, స్క్రూడ్రైవర్ లాంటి తేలికవాటిని బెండు తేల్చి ఉంచుతుంది. పానా, సుత్తి బరువుకు మునుగుతాయి, వాటి తాడును మణికట్టుకో పడవ బద్దెకో కట్టి పని చేయండి. పిడులకు ఎర్ర పెయింటు పూస్తే బురదలో పడినా కనిపిస్తాయి. సరస్సు లోతు తక్కువ కాబట్టి, పడ్డచోట వెంటనే గెడకర్ర గుచ్చి గుర్తు పెట్టుకుంటే దిగి వెతుక్కోవచ్చు.